బల్ల కింద దూరింది ప్లగ్గు కోసమే

ముందు ఒక్క విషయం తేల్చుకుని తరవాత మిగతావి మాట్లాడుకుందాం. నేను బల్ల కింద దాక్కోలేదు. మా బంధువుల్లో ఎవరింట్లో గృహప్రవేశమైనా, కృతజ్ఞతా కూడికైనా, ప్రార్థన ముగిసి బిర్యానీ వడ్డించేలోపల ఎవరో ఒకరు ఈ కథ ఎత్తుకుంటారు. "గుడివాడలో లైసెన్సులు చూడ్డానికి ఆఫీసరొస్తే మన పిల్ల భయపడి బల్ల కింద దూరింది" అని ఒకరు, "ఆయన వంగి చూస్తే లోపల వణుకుతూ కూర్చుందంట" అని ఇంకొకరు. చెప్పేవాళ్లలో ఒక్కరంటే ఒక్కరు ఆ రోజు అక్కడ లేరు. వణుకు చేర్చిన మా చిన్నపిన్ని అయితే ఆ పూట బందరులో పన్ను పీకించుకుంటోంది (నోట్లో దూది పెట్టుకుని మాట్లాడలేని మనిషి నా వణుకు గురించి మాత్రం ఎలా చెప్పగలిగిందో నాకిప్పటికీ అర్థం కాదు). నేను బల్ల కిందకి వెళ్లింది ప్లగ్గు కోసం. కాబట్టి అది మొదటి అబద్ధం. రెండో అబద్ధం, మా మీద ఫిర్యాదు చేసింది పక్కవీధిలో ఎముకలకి కట్లు కట్టే ఆయన అనడం. దాని సంగతి చివర్లో చెప్తాను. పాపం ఆయన ఇన్నేళ్లూ చెయ్యని పనికి మాటపడుతున్నాడు.

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలం కాదు, సెల్‌ఫోన్లు వచ్చేశాయి గానీ కిరాణా కొట్ల ముందు రూపాయి బిళ్ల వేసి మాట్లాడే ఫోన్లు ఇంకా పోలేదు, ఆ రోజుల్లో మా వైపు ఫిజియోథెరపీ అంటే ఏమిటో చెప్పడానికే సగం ఓపిక అయిపోయేది. "ఫిజిక్సా?" అనేవాళ్లు కొందరు. "మాలీషే కదమ్మా, దానికి కాలేజీ ఎందుకు?" అనేవాళ్లు ఎక్కువమంది. ఆ మాలీషుకే నేను నాలుగున్నరేళ్లు చదివి, శవాన్ని కోసి కండరాల పేర్లన్నీ బట్టీపట్టి, హైదరాబాదు వెళ్లి బోర్డులో నా పేరు రిజిస్టరు చేయించుకుని, ఆ సర్టిఫికెట్‌ని బస్సులో ఒళ్లో పెట్టుకుని (పైన పెడితే ఎవరి సంచీ దానిమీద పడుతుందోనని) తెచ్చి, గుడివాడ స్టేషన్ వైపు ఒక వీధిలో గది తీసుకున్నాను. మేడ మీద గది ఇస్తానన్నాడు ఇంటాయన. "మోకాళ్ల నొప్పులవాళ్లు మీ మెట్లన్నీ ఎక్కి రాగలిగితే ఇంక నాతో పనేముందండీ?" అంటే, కాసేపు ఆలోచించి కింద గది ఇచ్చాడు.

మా అమ్మ బందరునుంచి వచ్చి గది చూసింది. బల్ల చూసింది, కరెంటు పెట్టే మిషను చూసింది, గోడకి బిగించిన ఇనప చక్రం చూసింది. భుజం పట్టేసినవాళ్లు పట్టుకుని తిప్పడానికది. చూసి, "పెళ్లికాని పిల్లవి, ఊళ్లో మగాళ్ల మోకాళ్లూ నడుములూ పట్టుకుంటూ ఈ గదిలో ఒక్కదానివే కూర్చుంటావా?" అంది. "మోకాలు ముట్టుకోకుండా మోకాలినొప్పి తగ్గించే కోర్సు ఇంకా పెట్టలేదమ్మా" అన్నాను. "నోరు," అంది మా అమ్మ. మా ఇంట్లో అది పూర్తి వాక్యం. తరవాత షరతులు చెప్పింది. ఒకటి, గుడివాడలోనే ఉన్న వాళ్లన్నయ్యని తోడు పెట్టుకోవాలి. రెండు, క్రిస్మస్ దాకా చూస్తుంది. అప్పటికి ఈ గది నిలబడకపోయినా, మధ్యలో ఏ గొడవొచ్చి మూతబడినా, నోరు మూసుకుని బందరు వచ్చేసి బి.ఎడ్.లో చేరాలి (మా చదువు చదివినవాళ్లకి బి.ఎడ్.లో సీటిస్తారా అన్నది ఆవిడకి అనవసరం. ఆడపిల్లకి టీచరుద్యోగం అని ఆవిడ తీర్మానం, సీటు సంగతి ప్రభువు చూసుకుంటాడు).

అలా వచ్చారు మా విజిల్ మావయ్య. హైస్కూల్లో డ్రిల్లు మేష్టారుగా చేసి రిటైరైన మనిషి. ఆరడుగుల నిలువు, తెల్లమీసం, మెడలో తాడుకి వేలాడే ఇత్తడి విజిలు. రిటైరైనా విజిలు రిటైర్ కాలేదు. అత్తయ్య కాఫీ ఆలస్యం చేసినా ఇంట్లో ఊదేవారు. "మావయ్యా, నువ్వు ఊరికే కుర్చీలో కూర్చుంటే చాలు" అన్నాను. మర్నాడు తెల్లకోటు కుట్టించుకుని వచ్చారు. నాది మోకాళ్లదాకా ఉంటే ఆయనది ఇంకా కిందికి, పైగా ఇస్త్రీ. "అసిస్టెంటుకి కోటెందుకు?" అంటే, "యూనిఫారం లేకపోతే డిసిప్లిన్ ఎక్కడినుంచి వస్తుందే పిల్లా?" అన్నారు. నా సర్టిఫికెట్‌ని కూడా ఆయనే గోడకి కొట్టారు, గడియారానికి పైన, దాదాపు సీలింగుకి ఆనుకునేలా. "ఎత్తులో ఉంటే గౌరవం" అని. అంత ఎత్తులో అది నా సర్టిఫికెట్టో గత సంవత్సరం క్యాలెండరో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఇక్కడే అసలు చిక్కంతా వచ్చింది, అదీ రెండు మాటల వల్ల. మొదట నా దగ్గరకొచ్చినవాళ్లు మా చర్చి సంఘంవాళ్లు. గుమ్మంలోకి రాగానే "వందనాలు సిస్టర్" అనేవాళ్లు. మా గుళ్లో ఆడవాళ్లంతా సిస్టర్లే, మగవాళ్లంతా బ్రదర్లే, అందులో వింతేమీ లేదు. తరవాత వచ్చినవాళ్లు మావయ్య పాతశిష్యులు. ఇప్పుడు వాళ్లలో సగంమందికి బట్టతలలు. వాళ్లు గుమ్మంలోనే నిటారుగా నిలబడి "గుడ్ మార్నింగ్ సార్" అనేవాళ్లు. ఇహ బెంచీమీద కూర్చున్న పల్లెటూరి పేషెంట్లకి ఏం వినపడిందో ఆలోచించండి. తెల్లకోటు పెద్దాయన్ని సార్ అంటున్నారు, తెల్లకోటు అమ్మాయిని సిస్టర్ అంటున్నారు. ఆస్పత్రి తెలిసిన ఏ మనిషికైనా ఇంకేం చెప్పక్కర్లేదు. వారం తిరక్కుండా నేను నర్సునైపోయాను, డ్రిల్లు మేష్టారు డాక్టరైపోయారు.

నేను చెప్పకుండా ఊరుకున్నానని అనుకోకండి. ఊరుకోవడం నా జాతకంలో లేదు. "నేనే ఫిజియోథెరపిస్టుని, ఆయన మా మావయ్య" అని ప్రతివాళ్లకీ చెప్పాను. "అలాగేనమ్మా, సార్ ఎప్పుడొస్తారు?" అనేవాళ్లు. మావయ్య కూడా చెప్పారు. "నాకేం రాదండీ, అంతా పిల్లే చేస్తుంది" అని. పెద్ద డాక్టర్లకి ఎంత అణకువో చూడండని మురిసిపోయేవాళ్లు. కాదన్నకొద్దీ ఆయన డిగ్రీలు పెరిగాయి. ఒకామె ఆయన లండన్లో చదివాడని నాకే చెప్పింది. దీనికి తోడు ఆ విజిలు. నేను నేర్పిన వ్యాయామాలే, కాని ఆయన విజిలు ఊది "వన్, టూ, త్రీ, ఫోర్, కాలు దించొద్దు, ఐదో వరసలో నిన్నే" అని అరిస్తే (ఉన్నది ఒక్కటే బల్ల, వరసలెక్కడివో) పక్షవాతం వచ్చిన చెయ్యి కూడా లేవాలని చూసేది.

వీళ్లందరిలో నాకు బాగా కాలింది చెరువాయన మీద. నందివాడ వైపు చేపలచెరువులున్న ఆసామీ. కుడిభుజం పట్టేసి చొక్కా వేసుకోవడానికి కూడా ఇంకొకరి సాయం కావలసొచ్చేది. నేను చెయ్యి పట్టుకుంటే చాలు, "సిస్టరమ్మా, నువ్వు కరెంటు పెట్టెయ్యి, చెయ్యి మాత్రం సార్‌ని పట్టమను" అనేవారు. "సార్‌కి చెయ్యి పట్టడం రాదండీ, పడితే మీ భుజం ఊడొస్తుంది" అన్నాను. "పెద్దాయన గురించి అలా మాట్లాడకూడదమ్మా. ఉద్యోగం పోతుంది" అని మెల్లగా, నా మంచికోరి చెప్పారు. నా గదిలో, నా బల్లమీద పడుకుని, నా ఉద్యోగం పోతుందని నాకే చెప్పారు.

ఇహ ఆ రోజు సంగతి. చెరువాయన బల్లమీద ఉన్నారు. భుజానికి వైర్లు తగిలించి మిషను ఆన్ చేశాను. కరెంటు రాలేదు. ప్లగ్గు బల్ల వెనక, గోడకి అడుగెత్తులో ఉంది (ఎలక్ట్రీషియను ఎందుకు అక్కడ పెట్టాడో అడగొద్దు, అతనితో ఆ గొడవ అప్పుడే పడ్డాను). కిందకి దూరి, ప్లగ్గు సరిచేసి, వెనక్కి వద్దామంటే చున్నీ బల్ల అడుగున మేకుకి చిక్కుకుంది. సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర బూట్ల చప్పుడైంది. దాక్కునేవాళ్లెవరైనా సగం చున్నీ బయటికి వేలాడేసి దాక్కుంటారా? ఈ ఒక్క ప్రశ్నకి మా బంధువులెవరూ ఇప్పటిదాకా జవాబు చెప్పలేదు.

"ఇక్కడ డాక్టరెవరండీ?" అంది బూట్లలోని గొంతు. జిల్లా ఆరోగ్యశాఖ ఆఫీసునుంచి వచ్చానని, సర్టిఫికెట్లు లేనివాళ్లు వైద్యం చేస్తున్నారని ఫిర్యాదు అందిందని, తేలకపోతే గదికి తాళం వేయిస్తానని చెప్పారు. తాళం అన్న మాట వినగానే నాకు బందరు బి.ఎడ్. కాలేజీ గేటు కళ్లముందు కనిపించింది.

"డాక్టరు ఎవరేంటండీ, ఎదురుగా సార్ నిలబడి ఉంటే?" అన్నారు బల్లమీదనుంచి చెరువాయన.

"మీ క్వాలిఫికేషనేంటండీ?"

మావయ్య మడమలు టక్కుమని కలిసిన చప్పుడు నాకు వినిపించింది. "డ్రిల్లు ట్రైనింగ్ సర్టిఫికెట్, కబడ్డీ రిఫరీ, స్కౌట్స్ అండి."

"మరి దీనికి లైసెన్సు?"

"నాకు లేదండి. మా మేనకోడలికి ఉంది. వైద్యమంతా తనదేనండి."

"ఆవిడెక్కడ?"

"బల్ల కింద ఉందండి."

మా మావయ్య జీవితంలో అబద్ధమాడలేదు. ఆడవలసిన సమయం ఏదైనా ఉందంటే అదే, అయినా ఆడలేదు. మా బంధువుల కథ ఇక్కడితో ఆగిపోతుంది, అందరూ నవ్వుతారు, పెరుగుచట్నీ అందుకుంటారు. కాని నేనింకా బల్ల కిందే ఉన్నాను, అక్కడినుంచి నాకు కనిపించింది వాళ్లెవరికీ తెలియదు. నాకు కనిపించింది ఆఫీసరుగారి బూట్లు. మామూలు మనిషి పక్కకి చూడాలంటే మెడ తిప్పుతాడు, కాళ్లు తిప్పడు. ఈ బూట్లు చెరువాయన మాట్లాడితే మొత్తం అటు తిరుగుతున్నాయి, మావయ్య మాట్లాడితే మొత్తం ఇటు తిరుగుతున్నాయి. "బల్ల కింద ఉందండి" అన్నప్పుడు కూడా ఆయన తల వంచలేదు. రెండడుగులు వెనక్కి వేసి, మెడ కదపకుండా నడుం దగ్గరనుంచి కిందకి వంగారు. చున్నీ పీక్కుని, జుట్టులో బూజుతో బయటికొచ్చి నేనన్న మొదటిమాట ఇది: "ఎన్నాళ్లనుంచండీ మీ మెడ పట్టేసి?"

ఆయన చెయ్యి మెడమీదకి వెళ్లింది. "అది... మీకెవరు చెప్పారు?"

"మీ బూట్లు చెప్పాయి. కూర్చోండి. ముందు మీ గుర్తింపుకార్డు చూపించండి, తరవాత నాది అడుగుదురుగాని."

(ఎందుకలా మాట్లాడానంటే ఏం చెప్పను. ఇరవైనాలుగేళ్లు, పైగా నా తప్పు లేదు. రెండూ ఒకేసారి ఉన్నప్పుడు మనిషి మర్యాదగా ఉండటం కష్టం.) ఆయన కార్డు చూపించారు. నేను గడియారం పైకి చెయ్యి చూపించాను. అక్కడ ఉన్నది ఆయన చూడలేరు. తల ఎత్తబోయి "అమ్మా" అన్నారు. మావయ్య స్టూలెక్కి సర్టిఫికెట్ దించారు. ఆఫీసరుగారు దాన్ని ఒళ్లో పెట్టుకుని చదివి, నంబరు రాసుకుని, బెంచీమీద ఉన్నవాళ్లందరికీ వినపడేలా "ఈవిడే ఫిజియోథెరపిస్టు" అన్నారు. చెరువాయన వైర్లతోనే లేచి కూర్చుని, "సిస్టరా?" అన్నారు.

"బాగానే ఉంది. మరి ఈయన?" అన్నారు ఆఫీసరుగారు.

"మా అసిస్టెంటు."

"ఈయనకి సర్టిఫికెట్?"

"అసిస్టెంటుకి ఏ సర్టిఫికెట్ ఉండాలో చెప్పండి, తెచ్చుకుంటాం."

ఆయన సంచీలో కాగితాలు అటూ ఇటూ తిప్పారు. "ఇందులో ఆ సంగతి రాయలేదు."

"రాయని దాన్ని ఎందుకడుగుతున్నారు?"

"రాయలేదు కాబట్టే అడుగుతున్నానమ్మా. నేనేమని రాసుకోను? డాక్టరు కాదు, నర్సు కాదు, కాంపౌండరు కాదు. కోటు మాత్రం మీకంటే పొడుగ్గా ఉంది."

నేను ఇంకేదో అనబోతుంటే మావయ్య చెయ్యెత్తి ఆపారు, ఆటలో ఆపినట్టు. "తోడు అని రాసుకోండి" అన్నారు.

"తోడంటే?"

"ఆడపిల్ల ఒక్కతే కూర్చోకూడదని మా చెల్లెలు పంపింది. అందుకని ఉన్నానండి."

"అలాంటి పోస్టు లేదండీ" అన్నారు ఆఫీసరుగారు, నిజంగానే బాధపడుతున్నట్టు. చివరికి తేల్చిందేమిటంటే, గది ఉండొచ్చు, బయట బోర్డుమీద నా పేరూ నంబరూ రాయించాలి, పెద్దాయన కోటు వేసుకోకూడదు, పేషెంటుమీద చెయ్యి వెయ్యకూడదు. విజిలు సంగతి ఎక్కడా రాయలేదు. మావయ్య అక్కడికక్కడే కోటు విప్పి, ఆగస్టు పదిహేను సాయంత్రం జెండా దించినట్టు దించి, మడతపెట్టి నా చేతిలో పెట్టారు. లోపల ఆదివారం గుడికి వేసుకునే తెల్లచొక్కా ఉంది. ఆ రోజు బుధవారం.

ఆఫీసరుగారు వెళ్లబోతూ గొంతు తగ్గించి, "అమ్మా, ఈ మెడ ఒకసారి..." అన్నారు. "ముందు మీరు రాయాల్సింది రాసి సంతకం పెట్టండి. ఇప్పుడు నేను మెడ ముట్టుకుంటే మీ రాతకీ విలువుండదు, నా చేతికీ ఉండదు" అన్నాను. పెట్టారు. మర్నాటినుంచి రెండువారాలు మామూలు పేషెంటులా బెంచీమీద తనవంతుకోసం కూర్చున్నారు. చెరువాయన ఆ పూటే చెయ్యి నాకిచ్చారు. ఇచ్చేముందు మావయ్యవైపు ఒకసారి, అనుమతి కోసం అన్నట్టు చూశారు. చెయ్యి తలపైకి లేచిన రోజున, "ఫిజియోగారూ, లండన్ అబద్ధమేనా అయితే?" అని దిగులుగా అడిగారు. క్రిస్మస్‌కి మా అమ్మ వచ్చి బోర్డుమీద నా పేరు చదివి, "అక్షరాలు వంకరగా రాశాడు" అంది. బి.ఎడ్. మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు ఫిర్యాదు సంగతి. మెడకి కరెంటు పెడుతూ ఆఫీసరుగారినే అడిగాను, ఎవరు చేశారని. పేరు చెప్పలేదంట, ఎవరో పెద్దాయన, రూపాయి ఫోనునుంచి. "తెల్లకోటు ముసలాయనకి ఏమీ రాదండి, పక్కనున్న పిల్లకే వచ్చు, వచ్చి అందరిముందూ తేల్చి వెళ్లండి" అని ఒక్కటే మాట చెప్పి పెట్టేశాడంట. కట్లు కట్టే ఆయన నాకు వైద్యం వచ్చని ఎందుకు చెప్తాడు? నన్ను మూయించాలనుకునేవాడు నన్నెందుకు పొగుడుతాడు? పైగా గుడివాడలో నన్ను పిల్ల అనే మనిషి ఒక్కరే. ఇంకొకటుంది. మా గదిలో స్టూలు ఎప్పుడూ కీళ్లకి కాపడం పెట్టే మైనం గిన్నె పక్కన ఉంటుంది. ఆ రోజు మాత్రం పొద్దుటినుంచీ సరిగ్గా గడియారం కింద ఉంది.

మావయ్య ఆ తరవాత చాలాకాలం తోడుగానే ఉన్నారు. కోటు లేకుండా గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని విజిలు ఊదేవారు. నా పెళ్లయి, ఇహ తోడక్కర్లేదని మా అమ్మ ఒప్పుకున్నాక కూడా వచ్చేవారు. ఒకసారి సంఘంవాళ్లమంతా పాలకాయతిప్ప బీచికి వెళ్లాం. పిల్లలు కెరటాల్లో ఉన్నారు, మేమిద్దరం ఒడ్డున పులిహోర పొట్లాల దగ్గర కాపలా ఉన్నాం. "మావయ్యా, ఆ రోజు ఆఫీసుకి ఫోను చేసింది నువ్వేనా?" అని అడిగేశాను. ఆయన నావైపు చూశారు, సముద్రంవైపు చూశారు, విజిలు నోట్లో పెట్టుకుని ఊపిరంతా పట్టి ఊదారు. మోకాళ్లలోతులో కూడా లేని పిల్లలందరూ బెదిరి ఒడ్డుకి పరుగెత్తుకొచ్చారు. "లోపలికి వెళ్తున్నారు వెధవలు" అన్నారు. ఎవరూ వెళ్లలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

ఇప్పుడు ఆయన లేరు. విజిలు నా టేబుల్ సొరుగులో ఉంది. నాకిప్పుడు డిప్లొమా చదివిన అసిస్టెంటు ఉంది. కొత్త చట్టం వచ్చింది, ఎవరికి ఏ రిజిస్ట్రేషను ఉండాలో అంతా తేలుస్తామంటున్నారు. మేం పేరుకి ముందు డాక్టరని రాసుకోవచ్చా లేదా అని పెద్దపెద్దవాళ్లు వాదించుకుంటూనే ఉన్నారు. నేనూ ఆ వాదనలో ఒక చెయ్యి వేస్తూనే ఉన్నాను. మొన్న కొత్తగా వచ్చిన ఒక ముసలమ్మ బోర్డుకింద నిలబడి నన్నే, "అమ్మాయ్, డాక్టరుగారు ఎప్పుడొస్తారు?" అని అడిగింది. పాత రోజులైతే ఆవిడకి నా నాలుగున్నరేళ్ల చదువూ వివరంగా చెప్పేదాన్ని. ఇప్పుడు నవ్వొచ్చింది. జుట్టులో బూజుతో బల్ల కిందనుంచి లేచి ఒక ఆఫీసర్ని గుర్తింపుకార్డు అడిగిన ఆ పిల్ల గుర్తొచ్చింది. ఆ పిల్ల అంతా తనే గెలిచానని చాలా ఏళ్లు అనుకుంది. అందుకని మళ్లీ అడుగుతున్నాను మావయ్యా, ఈసారి చుట్టుపక్కల సముద్రం లేదు, పిల్లలూ లేరు, విజిలు కూడా నా దగ్గరే ఉంది: ఆ ఫోను చేసింది నువ్వేనా, కాదా?